తెనాలిలో రంగుల షాపు, 80 వేల బడ్జెట్: ఏ వస్తువు మీద పేరు వేయించాలి?

మీరు అడిగింది ఇదీ. తెనాలిలో రంగులు, హార్డ్‌వేర్ షాపు పెట్టి రెండేళ్లయింది. సంక్రాంతి సీజన్ వచ్చేలోపు షాపు పేరు నలుగురి నోళ్లలో పడాలి. అందుకు 80 వేలు పక్కన పెట్టారు. గిఫ్ట్ ఆర్టికల్స్ ఆయన ఇచ్చిన కొటేషన్‌లో పెన్నులు 2000 (ఒక్కోటి 6 రూపాయలు), కీచైన్లు 1000 (18 రూపాయలు), టీషర్టులు 200 (170 రూపాయలు), గోడ గడియారాలు 100 (160 రూపాయలు) ఉన్నాయి. మొత్తం కలిపితే సరిగ్గా 80 వేలు. మీ షాపుకు క్రమంగా వచ్చే పెయింటర్లు, మేస్త్రీలు ఓ డెబ్బై మంది అని కూడా రాశారు. ఇదే కానిచ్చేయాలా, ఇంకేదైనా మేలా అన్నది మీ ప్రశ్న.

నేను విజయవాడలో చాలా ఏళ్లుగా ఈ వ్యాపారంలోనే ఉన్నాను. క్యాలెండర్లు, డైరీలు, సంచులు, టోపీలు, ఎన్నికలొస్తే కండువాలు, అన్నీ వేయిస్తాం. ఆర్డరు ఎంత పెద్దదైతే నాలాంటి వాళ్లకు అంత లాభం. అయినా చెప్తున్నాను, ఆ కొటేషన్ అలాగే ఒప్పుకోకండి. ఆ లిస్టులో ఒక్కటి కూడా రంగుల షాపు కోసం ఆలోచించి రాసింది కాదు. అదే కాగితం చిట్ ఫండ్ వాళ్లకూ ఇస్తారు, కార్పొరేట్ కాలేజీకీ ఇస్తారు, పేరు మారుతుందంతే.

ముందు మీ దగ్గర సరుకు ఎలా అమ్ముడవుతుందో చూడండి. ఇంటివాళ్లు రంగు ఎంచుకుంటారు, డబ్బిస్తారు. ఏ షాపులో కొనాలన్నది చాలా చోట్ల పెయింటరే చెప్తాడు. "ఫలానా షాపులో తీసుకోండి సార్, మిక్సింగ్ బాగా కలుపుతారు, మిగిలిన డబ్బా వెనక్కి తీసుకుంటారు" అని అతనంటే ఇంటాయన బండి తీసి నేరుగా అక్కడికే వెళ్తాడు. రంగు కొనడం ఇంటికి ఏడెనిమిదేళ్లకోసారి వచ్చే పని. అలాంటి మనిషి జేబులో మీ పెన్ను మూడు నెలలుండి ఏం లాభం? పెయింటర్ చేతిలో ఉన్న వస్తువు మాత్రం రోజూ రంగుల దగ్గరే ఉంటుంది. అందుకే మీ డబ్బులో పెద్ద భాగం ఆ డెబ్బై మందికే పోవాలి.

అయితే వాళ్లకు టీషర్టు వద్దు. పనికి వెళ్లే పెయింటర్ ఏం వేసుకుంటాడో ఒకసారి చూడండి. ఇంట్లో ఉన్నవాటిలో అన్నింటికన్నా పాత చొక్కా, అదీ ఫుల్ హ్యాండ్స్‌ది. లప్పం రాలినా, ప్రైమర్ చిందినా బాధ ఉండకూడదు కదా. కొత్త టీషర్టు ఇస్తే అది కొడుక్కి వెళ్తుంది. ఆ అబ్బాయి క్రికెట్ ఆడే గ్రౌండులో ఇల్లు కట్టేవాళ్లెవరూ ఉండరు. పైగా 170 రూపాయలకు వచ్చేది పాలిస్టర్ గుడ్డ. మన కోస్తా ఉక్కపోతలో దాన్ని రెండోసారి వేసుకునేవాడు అరుదు. నిజంగా బాగుండే కాటన్ టీషర్టు కావాలంటే 180 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) పైన తీసుకోవాలి, ధర అక్కడే మారిపోతుంది.

టోపీ సంగతి వేరు. సీలింగు కొట్టేటప్పుడు చుక్కలు నెత్తిన పడతాయి, ఇప్పుడు చాలామంది తువ్వాలో పాత గుడ్డో చుట్టుకుంటున్నారు. వెనక పట్టీ ఉన్న కాటన్ టోపీ అయితే ఎవరి తలకైనా సరిపోతుంది. మనిషికి ఒకటి కాదు, రెండు ఇవ్వండి, ఒకటి ఉతుక్కోవడానికి. ముదురు రంగు గుడ్డ మీద తెల్ల అక్షరాలు వేయించండి. తెల్ల టోపీ వారానికే రంగుల డబ్బా మూతలా తయారవుతుంది.

ఇక లప్పం బ్లేడు. పనిముట్టు ఇవ్వడమంటే పెయింటర్‌కు చాలా గౌరవం. కానీ నాసిరకం ఇస్తే అంతకంటే పెద్ద అవమానం లేదు. వంగిపోయే బ్లేడు మీద మీ షాపు పేరుంటే, వంగిన ప్రతిసారీ అతను తిట్టేది ఆ పేరునే. మీ షాపులో మీరే అమ్మే మంచి బ్లేడు తీసుకుని చెక్క పిడి మీద పేరు కాల్పించండి. లేజర్‌తో కాలిస్తే అక్షరం చెరగదు, పిడి అరిగేదాకా ఉంటుంది. అదే స్క్రీన్ ప్రింటింగ్ అయితే థిన్నర్ తగిలిందంటే మొదటి రోజే పోతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పెయింటర్లకు ఇచ్చే వస్తువులన్నింటిలో ముందు చూడాల్సింది ఇదే: టర్పెంటైన్‌కు, థిన్నర్‌కు అచ్చు నిలుస్తుందా లేదా. శాంపిల్ తెప్పించుకుని మీ కౌంటర్ మీదే గుడ్డ ముక్క థిన్నర్‌లో ముంచి రుద్ది చూడండి. రుద్దితే పోయిందా, ఆ సప్లయర్‌కు దణ్ణం పెట్టేయండి.

మేస్త్రీలకూ వడ్రంగులకూ అయితే ఐదు మీటర్ల స్టీలు టేపు. అదీ అంతే, బటన్ గట్టిగా ఉన్నది, రేకు మడతపడనిది. వడ్రంగి పెన్సిల్ చవక, అది గుప్పెడు ఇచ్చినా సంతోషిస్తారు. మనిషికి ఐదు వందల లెక్కన డెబ్బై మందికి 35 వేలు. ఈ సొమ్ముకు ఒక మంచి సంచి, రెండు టోపీలు, వాళ్ల పనికి తగ్గ ఒక పనిముట్టు వస్తాయి. షాపుకు పిలిచి, టీ ఇచ్చి, పేరు పెట్టి పిలిచి చేతికివ్వండి. కుర్రాడితో పంపిస్తే సగం విలువ దారిలోనే పోతుంది.

ఇప్పుడు ఇంటివాళ్ల సంగతి. వాళ్లకు ఖరీదైన వస్తువేమీ అక్కర్లేదు, ఒక స్టిక్కర్ చాలు. ఇది ఎందుకు చెప్తున్నానో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే కొటేషన్లలో ఇది ఎప్పుడూ కనబడదు.

మీ టింటింగ్ మెషిన్‌లో రంగు కలిపినప్పుడు షేడ్ కోడ్ (ఆ రంగు నంబరు) ఉన్న చీటీ డబ్బా మూత మీద అంటిస్తారు. పని అయిపోయాక ఆ డబ్బా ఏమవుతుంది? నీళ్లకో సిమెంటు కలపడానికో వాడతారు, లేదా పాత సామాన్లవాడికి వెళ్తుంది. రెండేళ్ల తర్వాత పిల్లాడు గోడ మీద గీతలు గీస్తాడు, లేదా గీజర్ కోసం గోడ పగలగొడతారు. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. "హాల్లో వేసింది ఏ రంగండీ? గోధుమ రంగులాంటిది, కానీ గోధుమ రంగు కాదు" అని పెచ్చు ఊడదీసి పొట్లం కట్టుకుని వచ్చే కస్టమర్లు మీకూ తగిలే ఉంటారు.

అందుకని అరచేతి వెడల్పు స్టిక్కర్ ఒకటి వేయించండి. పైన "ఈ ఇంటి రంగులు" అని శీర్షిక. కింద హాలు, వంటిల్లు, పడకగది, బయటి గోడ, తలుపులు, గ్రిల్సు అని గీతలు. ఒక్కోదాని పక్కన కంపెనీ, షేడ్ కోడ్, ఫినిష్ రాయడానికి ఖాళీ. అడుగున తేదీ, పెయింటర్ పేరు, అతని ఫోన్ నంబరు. ఆ కింద మీ షాపు పేరు, మీ నంబరు. పని పూర్తయిన రోజున పెయింటరే దాన్ని నింపి మీటరు బోర్డు తలుపు లోపలో, బీరువా తలుపు లోపలో అంటిస్తాడు. అతనెందుకు అంటిస్తాడంటే తన నంబరు కూడా అందులో ఉంది కాబట్టి. మీ ప్రచారం అతని ప్రచారంతో కలిసి వెళ్తుంది, అంటించమని మీరు బతిమాలాల్సిన పని లేదు. ఏడేళ్ల తర్వాత మళ్లీ రంగులు వేయించాలనుకున్నప్పుడు ఇంటాయన కంటికి కనబడేవి రెండే నంబర్లు.

మెరిసే స్టిక్కర్ మీద బాల్‌పెన్ ఆనదు, మ్యాట్ కాగితం అడగండి. రాయడం పర్మనెంట్ మార్కర్‌తో రాయమనండి. ఇంకో మాట, కోడ్ ఒకటే అయినా ఎండకు వెలిసిన పాత గోడ మీద అతుకు వేస్తే తేడా తెలుస్తుంది, ఆ గోడ మొత్తం కొట్టాల్సిందే. ఈ సంగతి స్టిక్కర్ మీదే ఒక వాక్యంలో అచ్చు వేయిస్తే తర్వాత మీరు మాట పడక్కర్లేదు. ఇదంతా కలిపి ఐదు వేలలోపే తేలుతుంది.

క్యాలెండర్ మీ లిస్టులో లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మన వైపు డిసెంబరు చివరి వారం నుంచి కస్టమర్లు నోరు తెరిచి అడిగి తీసుకెళ్లే ప్రచార వస్తువు అదొక్కటే. అడిగినా ఇవ్వలేదనే కోపం కూడా అదొక్కదానికే వస్తుంది. ఫోన్లో తేదీ చూసుకుంటున్నారు కదా, ఇంకెవరికి క్యాలెండర్ అని కొత్తగా వ్యాపారం పెట్టిన కుర్రాళ్లు అంటుంటారు. తేదీ కోసం క్యాలెండర్ ఎవరు చూస్తున్నారండీ? తిథి, వర్జ్యం, రాహుకాలం, దుర్ముహూర్తం చూస్తారు. పాలవాడు ఎన్ని రోజులు రాలేదో, పనమ్మాయి ఎప్పుడు నాగా పెట్టిందో, గ్యాస్ బండ ఏ తేదీన మార్చారో దాని గళ్లలోనే రాస్తారు. కాబట్టి బొమ్మ చిన్నదైనా ఫర్వాలేదు, గళ్లు పెద్దవిగా, రాయడానికి చోటున్నవిగా ఎంచుకోండి. కాగితం మరీ నున్నగా ఉంటే పెన్సిల్ కూడా ఆనదు, అదీ చూసుకోండి.

క్యాలెండర్లు చాలావరకు తమిళనాడులోని శివకాశిలో అచ్చవుతాయి. వచ్చే ఏడాది శాంపిల్ ఆల్బమ్‌లు అక్కడ తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజున, అంటే ఆగస్టు మొదట్లోనే విడుదల చేస్తారు. సెప్టెంబరులో కదిలినా మీకు టైముంటుంది. దీపావళి దాటాక ఆర్డరు ఇస్తే మంచి డిజైన్లు అయిపోయి ఉంటాయి, ప్రూఫ్ (అచ్చుకు ముందు పంపే నమూనా) చూసుకునే తీరిక కూడా ఎవరికీ ఉండదు. ఆరు షీట్లది, రెండు వైపులా అచ్చు వేసి పన్నెండు నెలలు వచ్చేది, మీ బడ్జెట్‌కు సరిపోతుంది. 20 వేలు దీనికి కేటాయించండి.

బొమ్మ గురించి జాగ్రత్త. దేవుడి బొమ్మ ఉంటే ఎవరూ పారేయరు, నిజమే. కానీ ఏడాది తిరిగాక బొమ్మ వరకు కత్తిరించి అట్టకు అంటిస్తారు, మీ పేరున్న కింది పట్టీ పొయ్యిలోకి వెళ్తుంది. పైగా తెనాలి చుట్టుపక్కల చర్చికి వెళ్లే కుటుంబాలు, ముస్లిం కుటుంబాలు మీ కస్టమర్లలో చాలామందే ఉంటారు. రెండు మూడు రకాల బొమ్మలతో వేయించి, ఎవరికి ఏది కావాలో వాళ్లనే ఎంచుకోమనండి. మీది రంగుల షాపు కాబట్టి మంచి మంచి ఇళ్ల ఫొటోలు వేస్తే ఇంకా అతుకుతుంది. మీ కస్టమర్ల ఇళ్లే, వాళ్లను అడిగి తీసిన ఫొటోలైతే ఆ వీధి వీధంతా ఆ క్యాలెండర్ కోసం వస్తుంది.

సంచి మీద మాత్రం దేవుడి బొమ్మ పొరపాటున కూడా వద్దు. సంచి నేల మీద పెడతారు, కాళ్ల దగ్గర పెడతారు, అందులో ఏదైనా తెస్తారు. ఇలా వేయించి తర్వాత అన్నీ మూలన పడేసిన షాపులు నాకు తెలుసు.

సంచుల విషయంలో రెండు జాగ్రత్తలున్నాయి. మొదటిది మందం. నాన్ వోవెన్ సంచి (నేయకుండా అతికించిన, గుడ్డలా కనిపించే ప్లాస్టిక్ సంచి) అయితే 60 జీఎస్ఎమ్‌కు తక్కువ ఉండకూడదు, ఇది 2021 సెప్టెంబరు 30 నుంచి అమల్లో ఉంది. ప్లాస్టిక్ కవరైతే 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు తక్కువ కుదరదు. సప్లయర్ చవగ్గా చెప్పాడంటే చాలాసార్లు మతలబు ఈ మందం దగ్గరే ఉంటుంది. మున్సిపాలిటీ వాళ్లు వస్తే దొరికేది మీరు, ఎందుకంటే దాని మీద ఉన్నది మీ పేరు. రెండోది, మీ పేరు అచ్చు వేసిన సంచికి కస్టమర్ దగ్గర డబ్బు తీసుకోకండి. 2019లో చండీగఢ్‌లో బాటా షోరూమ్ కాగితపు సంచికి 3 రూపాయలు తీసుకుంటే వినియోగదారుల ఫోరం 9 వేలు కట్టమంది. మీ ప్రచారానికి కస్టమర్‌తోనే ఖర్చు పెట్టిస్తారా అన్నదే అక్కడి ప్రశ్న. సంచి ఇస్తే ఊరికే ఇవ్వండి, లేకపోతే పేరు లేనిది అమ్ముకోండి. నా సలహా మందపాటి గుడ్డసంచి, తక్కువ సంఖ్యలో. ఐదు వేల రూపాయలకు మించి కొన్న వాళ్లకే ఇవ్వండి. 10 వేలు దీనికి చాలు.

వంద గడియారాలు అక్కర్లేదు, పది చాలు. అవీ ఇళ్లకు కాదు. పొద్దున్నే కూలీలు చేరే అడ్డా దగ్గర టీ కొట్టుంటుంది చూడండి, అక్కడ ఒకటి. మేస్త్రీలు టిఫిన్ చేసే హోటల్లో ఒకటి. ఇసుక, ఇటుకల వ్యాపారి ఆఫీసులో, ఇంటి ప్లాన్లు గీసే ఇంజనీరు గదిలో, క్షౌరశాలలో. జనం కూర్చుని ఎదురుచూసే చోట గడియారం వైపు కళ్లు వాటంతటవే వెళ్తాయి. ఆగిపోయిన గడియారం అంటే పరువు తక్కువ, కాబట్టి ఏడాదికోసారి మీ కుర్రాడు వెళ్లి బ్యాటరీలు మార్చి రావాలి. ఆ వంకతో ఆ ఓనరుతో మాటా కలుస్తుంది. స్టిక్కర్లూ ఈ గడియారాలూ కలిపి ఇంకో 10 వేలు అనుకోండి. 35, 20, 10, 10 కలిపితే 75 అయింది. మిగిలిన 5 వేలు ముట్టుకోకండి, చివర్లో ఏదో ఒకటి తక్కువ పడుతుంది.

పెన్నులు, కీచైన్లు ఈ లెక్కలో లేవు. ఆరు రూపాయల పెన్ను రాయదు, అంతే.

ఖర్చు పెట్టే ముందు మీరు సరుకు తెచ్చుకునే పెయింట్ కంపెనీ సేల్స్ ఆఫీసర్‌ను ఒకసారి అడగండి. టోపీలు, గొడుగులు, బోర్డులు వాళ్లే ఇస్తుంటారు. తీసుకోండి, కానీ వాటితోనే సరిపెట్టుకోకండి. వాటి మీద కంపెనీ పేరు బారెడు, మీ పేరు బెత్తెడు. ఆ గొడుగు చూసినవాడు అదే కంపెనీ రంగు మీ ఎదురు షాపులో కొనుక్కోవచ్చు. కంపెనీ ఇచ్చేది కంపెనీ ప్రచారం. మీ డబ్బుతో చేయించేవాటి మీద మాత్రం ఏ కంపెనీ లోగో వేయకండి, రేపు మీరు డీలర్‌షిప్ మారినా పనికొస్తాయి.

ఏం అచ్చు వేయాలి అన్నది చాలామంది చివర్లో హడావుడిగా తేలుస్తారు. షాపు పేరు తెలుగులో, ఏం అమ్ముతారో రెండు ముక్కలు, గుర్తు చెప్పే చోటు (ఫలానా గుడి ఎదురుగా, ఫలానా హాలు పక్కన), ఒకే ఒక్క ఫోన్ నంబరు. నాలుగు నంబర్లు, ఈమెయిల్, జీఎస్టీ నంబరు, ప్రొప్రయిటర్ ఫొటో, అవేవీ వద్దు. నంబరు షాపుదై ఉండాలి, గుమాస్తాది కాదు, అతను మానేస్తే మీ కస్టమర్లు అతనితోపాటే వెళ్తారు. క్యూఆర్ కోడ్ పెట్టాలనుకుంటే క్యాలెండర్ మీద పెట్టండి, గుడ్డ మీద రెండు ఉతుకులకు స్కాన్ కాదు. ఉచితంగా కోడ్ తయారుచేసే వెబ్‌సైట్లు కొన్ని కొన్నాళ్ల తర్వాత లింకు ఆపేసి డబ్బు కట్టమంటాయి, అందుకని నేరుగా మీ మ్యాప్ లింకుతోనే కోడ్ చేయించుకోండి.

లోగో వాట్సాప్‌లో వచ్చిన ఫొటో పంపితే అంచులు పళ్లు పళ్లుగా వస్తాయి. మీ బోర్డు రాసిన డీటీపీ ఆయన దగ్గర కోరల్ ఫైలు (డిజైన్ చేసిన అసలు ఫైలు) అడిగి తెచ్చుకోండి. అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి (ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మలుగా) మార్పించి మరీ తీసుకోండి, ఇది ముఖ్యం. మన డీటీపీ సెంటర్లలో ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో, అందులోనూ శివకాశిలో, ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా కనబడతాయి. అక్కడ చాలామందికి తెలుగు చదవడం రాదు, ఏదో చూసి మళ్లీ టైపు చేస్తారు, "రంగులు" కాస్తా "రంగలు" అవుతుంది. ప్రూఫ్ మీరొక్కరే చూడకండి. మన షాపు పేరు మన కంటికి తప్పున్నా ఒప్పుగానే కనిపిస్తుంది. హైస్కూల్లో చదివే పిల్లాడితో ప్రతి అక్షరం, ప్రతి అంకె పైకి చదివించండి. నంబరుకు అక్కడే ఫోన్ చేసి చూడండి. ఆ తర్వాతే ఓకే అని రాసివ్వండి, నోటిమాటతో కాదు.

ఇక పన్నులు, క్లుప్తంగా. ఊరికే ఇచ్చే బహుమతుల మీద మీరు కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోలేరు. జీఎస్టీ చట్టం 17(5)(హెచ్) సెక్షన్ అదే చెప్తుంది, 2019 మార్చి 7 నాటి సర్క్యులర్‌లోనూ స్పష్టం చేశారు. కాబట్టి కొటేషన్లు పోల్చేటప్పుడు పన్నుతో కలిపిన ధరలే పోల్చండి. 18 రూపాయల కీచైన్ 18కి రాదు. పెద్ద పెయింటర్లకు ఎవరికైనా వెండి నాణేలు, టూర్లు లాంటివి ఇచ్చే ఆలోచన ఉంటే, ఒక్క మనిషికి ఏడాదిలో 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే పన్ను పట్టుకుని కట్టడం) రూలు 2022 జులై 1 నుంచి వచ్చింది. సొంత పేరు మీద వ్యాపారం చేస్తూ ముందు ఏడాది టర్నోవర్ కోటి దాటని వాళ్లకు అది వర్తించదు. మీరు ఎటువైపో మీ ఆడిటర్‌ను అడగండి.

చివరిగా టైమింగ్. సంక్రాంతి ముందు సున్నాలు, రంగులు మొదలయ్యేసరికే పెయింటర్ల వస్తువులు వాళ్ల చేతుల్లో ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, వానలతో వాళ్లకు బయటి పనులు తక్కువగా ఉంటాయి, పిలిస్తే వస్తారు, కూర్చుంటారు. డిసెంబరులో పిలిస్తే ఎవడికీ తీరికుండదు. స్టిక్కర్లు ఆ రోజే తలా పాతిక ఇచ్చేయండి. ఆ రోజు నుంచి కౌంటర్లో ఒక నోటుబుక్కు పెట్టి, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనూ "మా షాపు ఎవరు చెప్పారండీ" అని అడిగి పెయింటర్ పేరు రాసుకోండి. ఉగాదికల్లా డెబ్బై మందిలో ఎవరు మీకు కస్టమర్లను పంపిస్తున్నారో, ఎవరు టోపీ మీది పెట్టుకుని ఎదురు షాపులో కొనిపిస్తున్నారో తెలిసిపోతుంది. వచ్చే ఏడాది లిస్టు ఆ పుస్తకం చూసే రాసుకోండి.

మీ కస్టమర్లలో టౌనులో అపార్ట్‌మెంట్ల వాళ్లు ఎక్కువా, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువా చెప్పండి. అపార్ట్‌మెంట్లే ఎక్కువైతే సంచుల డబ్బు కొంత తగ్గించి వాచ్‌మెన్లకు ఏం ఇవ్వాలో ఆలోచిద్దాం. ఖాళీ అయిన ఫ్లాటుకు మళ్లీ రంగులు వేయించే మాట ముందుగా తెలిసేది వాళ్లకే.